పదకొండు చోట్ల ముభావం

ఫిబ్రవరి 18, మంగళవారం

పార్వతి అలిగింది. ఇవాళ్టికి నాలుగో రోజు.

అన్నం వడ్డిస్తోంది. అడిగినదానికి జవాబు చెబుతోంది. "కరెంటు బిల్లు వచ్చింది", "పెరుగు అయిపోయింది" లాంటివి తనంతట తనే అంటోంది కూడా. అయినా అలిగిందనే అనాలి. ఇరవై రెండేళ్ల కాపురంలో అలకలు చూడనివాణ్ని కాదు. ఏదీ మూడు రోజులకు మించి నిలవలేదు. బెంజి సర్కిల్ దాకా వెళ్లి బందరు లడ్డూ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను.

నేను చేసింది ఆమె మంచికే. ఆ మోకాళ్లతో రోజూ మంగళగిరికి బస్సులో వెళ్లి రావడం అయ్యే పనేనా?

ఫిబ్రవరి 19

లడ్డూ పొట్లం విప్పలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

అఫ్రాజ్ కొత్త ఫైలు తెచ్చాడు. కుర్రవాడే అయినా పని తెలిసిన లాయరు. తన సీనియర్ దగ్గర అప్పీళ్లు చూస్తుంటాడు. తెలుగులో ఉన్న సాక్ష్యాలను ఇంగ్లీషులోకి మార్చి, ‘ఇది సరైన అనువాదం’ అని కింద సంతకం పెట్టడం నా వంతు. నేను పనిచేసిన పత్రిక మా ఎడిషన్ మూసేసి పద్నాలుగు నెలలైంది. అప్పటి నుంచీ ఈ పనే నన్ను నిలబెడుతోంది.

ఇది విడాకుల కేసు. కంకిపాడు వాళ్లు. భర్త లక్ష్మీకాంత్‌కు ఎరువుల కొట్టుంది. భార్య పేరు సింధూరి. ఆమె తిట్టలేదు, కొట్టలేదు, పుట్టింటికి పోలేదు. రెండేళ్ల పాటు ‘ముభావంగా ఉండి’ తనను మానసికంగా హింసించిందని అతని ఫిర్యాదు. కింది కోర్టు విడాకులు ఇవ్వలేదు. అతను పై కోర్టుకు వెళ్లాడు. మన సీనియర్ గారు అతని తరఫున.

ముభావం అనే మాట మొత్తం పదకొండు చోట్ల ఉంది. పెన్సిల్‌తో గీత గీసి లెక్కపెట్టాను.

"మూడీ అని వేసేయండి సార్, అయిపోద్ది" అన్నాడు అఫ్రాజ్ హెల్మెట్ పెట్టుకుంటూ.

"మూడీ అంటే ఒకసారి అలా, ఒకసారి ఇలా ఉండటం కదయ్యా. ఈ అమ్మాయి రెండేళ్లూ ఒకేలా ఉందంటున్నారు."

"అయితే సలెన్."

"సలెన్‌లో కోపం ఉంది. మూతి ముడుచుకోవడం ఉంది. ముభావంలో కోపం ఉందా?"

అతను హెల్మెట్ తీశాడు. కాసేపు నిజంగానే ఆలోచించాడు. "లేదేమో సార్. ఏమో, ఉందేమో. నాన్నగార్ని అడుగుతా."

చాలా కాలం తర్వాత పని మీద ఉత్సాహం కలిగింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దుటి నుంచీ ఇదే పని. నా దగ్గరున్న నిఘంటువుల్లో ఒకటి ఇచ్చిన అర్థం ఇంకొకటి ఇవ్వడం లేదు.

అలకను ఎవరూ దాచుకోరు. అలిగిన మనిషి తలుపు దగ్గరే ముఖం తిప్పుకుని కూర్చుంటుంది, పక్క గదిలోకి పోదు. బతిమాలడానికి వచ్చేవాడికి దారి వదిలిపెడుతుంది. చిన్నపిల్లలు బుంగమూతి పెట్టి ఓరకంట చూడటం ఇందులోదే. కినుక కొంచెం పెద్దమనిషి తరహా. పెళ్లిలో మర్యాద తగ్గిన మేనమామకు వచ్చేది. ముక్తసరి మాటకు సంబంధించింది, మనసుకు కాదు. ఆఫీసులో మా న్యూస్ ఎడిటర్ అందరితో ముక్తసరిగానే మాట్లాడేవారు, కానీ మహా సరదా మనిషి.

మరి ముభావం? అందులో ఎదురుచూపు ఉన్నట్టు అనిపించదు. ఇంకొంచెం చూడాలి.

సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి పార్వతి వెళ్లింది. ఎంతకీ రాకపోతే నేనూ ఎక్కాను. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ పకపకా నవ్వుతోంది. నన్ను చూసి, "తర్వాత చేస్తాను" అని పెట్టేసింది. "బట్టలు నేను తెస్తానులే" అన్నాను. "అయిపోయింది" అంది.

అంటే అలక తగ్గుతున్నట్టే.

ఫిబ్రవరి 27

సింధూరి క్రాస్ ఎగ్జామినేషన్ పేజీ దగ్గర ఆగిపోయాను. భర్త తరఫు లాయరు అడిగిన ప్రశ్న: "మీరు రెండు సంవత్సరములుగా నా క్లయింటుతో ముభావముగా ఉన్న మాట నిజమేనా?" జవాబు: "నిజమే." ఎందుకని అడుగుతాడని పేజీ తిప్పాను. తర్వాతి ప్రశ్న: "గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరున ఉన్నది?"

ఆమె తరఫు లాయరు కూడా అడగలేదు. జడ్జిగారూ అడగలేదు. నూట నలభై పేజీల్లో ఎక్కడా ఎవరూ అడగలేదు.

మార్చి 2, ఆదివారం

ఆ ఫోన్ సంగతి ఒకసారి రాసి పెట్టుకుంటే మంచిది. తర్వాత మాట తేడా రాకుండా ఉంటుంది.

జనవరి నెలాఖరులో ఒక ఉదయం పార్వతి స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్ మోగింది. ఆమె పనిచేసే స్కూల్ కరస్పాండెంట్ బసవపున్నయ్య గారు. మంగళగిరిలో కొత్త బ్రాంచి పెడుతున్నామనీ, దానికి శివపార్వతి మేడమ్‌ను ప్రిన్సిపాల్‌గా అనుకుంటున్నామనీ, సాయంత్రంలోగా మాట చెప్పమనీ అన్నారు. పద్దెనిమిదేళ్లుగా లెక్కల టీచరు, ఆవిడకన్నా తగినవాళ్లు ఎవరున్నారండీ అని కూడా అన్నారు. నేను, "ఆవిడకి పెద్దగా ఆసక్తి లేదండీ, మోకాళ్ల నొప్పులు" అన్నాను. సాయంత్రం పార్వతికి చెబుదామనే అనుకున్నాను. మర్చిపోయాను. తర్వాత చెప్పే సందర్భం రాలేదు. ఫిబ్రవరి పద్నాలుగున స్టాఫ్ మీటింగులో ఆ పోస్టు కీర్తనకు ఇచ్చినట్టు ప్రకటించారు. కీర్తన వచ్చి పార్వతితో, "మీరు వద్దనబట్టే నాకొచ్చింది మేడమ్, థ్యాంక్స్" అందట.

ఆ రోజు ఇంటికొచ్చి పార్వతి ఈ ముక్క యథాతథంగా చెప్పింది. నేను మోకాళ్ల గురించి చెప్పాను. "ఓహో" అని కుక్కర్ పెట్టుకోవడానికి వెళ్లింది. అంతే జరిగింది. గొడవేమీ లేదు.

మర్చిపోయాను అన్నది పూర్తిగా నిజం కాదు. కానీ చెడు ఉద్దేశం లేదు.

మార్చి 6, గురువారం

గొప్ప రోజు!

పొద్దున నిఘంటువులు ముందేసుకుని కాఫీ తాగుతుంటే అఫ్రాజ్ నుంచి మెసేజ్. వాళ్ల నాన్నగారు నవాబ్ గారికి ఏదో తట్టిందట, రమ్మంటున్నారట. రిటైరైన ఉర్దూ మాస్టారు. మధ్యాహ్నం వించిపేటలో వాళ్లింటికి వెళ్లాను. రంజాన్ ఉపవాసంలో ఉన్నా నాకు మాత్రం టీ తెప్పించారు. వద్దంటే ఒప్పుకోలేదు.

"మా ఉర్దూలో ముబ్‌హమ్ అని ఒక మాట ఉందండీ. అరబ్బీ నుంచి వచ్చింది. తేటగా లేనిది, ఇదీ అని తేలనిది అని అర్థం. మీ ముభావం దాన్నుంచే వచ్చిందని నేను ప్రమాణం చెయ్యలేను. చెవికి మాత్రం చుట్టాల్లా ఉన్నాయి."

"అంటే కోపానికీ దానికీ సంబంధం లేదా?"

"ముబ్‌హమ్‌లో కోపం ఎక్కడిదండీ! చూసేవాడికి తేటగా కనపడటం లేదు, అంతే. మసక అవతలి మనిషిలో ఉందా, చూసేవాడి కంట్లో ఉందా, ఆ సంగతి ఆ మాట చెప్పదు."

ఈ వాక్యం కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. మాట పుట్టుక తేలినా తేలకపోయినా, దారి దొరికింది. ‘సలెన్’ అంటే తప్పు సింధూరి మీద పడుతుంది. ‘మూడీ’ అంటే ఆమె స్వభావం మీద పడుతుంది. ముభావం అన్న మాట ఎవరి మీదా ఏమీ వెయ్యదు. ఎదుటి మనిషి చూసిన తీరును చెబుతుందంతే. ఇంగ్లీషులో ఇలాంటి మాట ఉందా? ‘రిజర్వ్‌డ్’ మర్యాదగా ఉంది, ‘విత్‌డ్రాన్’ జబ్బులా ఉంది, ‘ఇన్‌డిఫరెంట్’ మరీ అన్యాయం.

తిరిగి వచ్చేటప్పుడు రైవస్ కాలువ గట్టు మీద స్కూటర్ ఆపి పావుగంట నిలబడ్డాను. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్లయిందో. ఒక మాట వెనక ఇంత ఉందని యాభై దాటాక తెలియడం అదృష్టమే. పత్రికలో ముప్ఫై ఏళ్లలో ఆ మాటను కనీసం వెయ్యి సార్లు హెడ్డింగుల్లో వాడి ఉంటాను. ‘ముభావంగా మంత్రి’. ఒక్కసారీ ఆగి చూడలేదు.

మార్చి 7

మోకాళ్లకు ఆయింట్‌మెంట్ తెచ్చాను. "నాకు తగ్గిపోయి ఆరు నెలలైంది" అంది.

మార్చి 12, బుధవారం

చెయ్యకూడని పని చేశాను.

ఈ కేసులో మూడో సాక్షి దానమ్మ. సింధూరి వాళ్ల పక్కింటావిడ, కంకిపాడులో ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. ‘సదరు సింధూరి ఎల్లప్పుడు ముభావముగా ఉండెడిది’ అన్నది ఆమె సాక్ష్యం. మెషీన్ కుట్టుకునే ఆవిడ ‘ఉండెడిది’ అనదు కదా. అసలు ఏమని ఉంటుందో వినాలనిపించింది. అనువాదకుడు సాక్షిని కలవకూడదని నాకు తెలుసు. సాకు కోసం బీరువాలోంచి పార్వతి జాకెట్టు ఒకటి తీసుకుని బస్సెక్కాను.

దానమ్మ జాకెట్టు విదిలించి చూసింది.

"ఎవరిదండీ?"

"మా ఆవిడది."

"బిగించాలా, వదులు చెయ్యాలా?"

"కొంచెం..." అన్నాను.

"కొంచెం ఏంటండీ? ఆవిడ చిక్కారా, ఒళ్లు చేశారా?"

నాకు తెలియలేదు. రోజూ చూస్తున్న మనిషి. గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తే చీరల రంగులు తప్ప ఏమీ రాలేదు.

మాట మార్చాను. "నేను మాటల మీద పని చేస్తుంటానండీ. ముభావంగా ఉండటం అంటే మీ దృష్టిలో ఏంటి?"

ఆమె పళ్ల మధ్య పట్టుకున్న సూది తీసి జాకెట్టుకు గుచ్చింది. "మిమ్మల్ని ప్లీడరు గారు పంపారా?"

"లేదండీ. ఆ కాగితాలు ఇంగ్లీషులోకి రాసేది నేను. ఆయనకి తెలీదు నేనిలా వచ్చినట్టు."

"రాసుకునేవోళ్లు రాసుకోక ఇక్కడికెందుకొచ్చారు?"

"ఆ మాట సరిగా అర్థం కాక."

నన్ను ఎగాదిగా చూసి స్టూలు జరిపింది. "ఆ మాట నేనన్లేదు బాబూ. మొగుడు ఇంట్లో ఉంటే ఆ పిల్ల నోరు మెదిపేది కాదన్నా. ‘అంటే ముభావంగా ఉండేదన్నమాట’ అన్నారు ప్లీడరు గారు. అంతేగా కాబోలు అని ఊఁ అన్నా. టైపు కొట్టేశారు."

"ఆయన ఇంట్లో లేనప్పుడో?"

"ఆయన కొట్టుకెళ్లడం ఆలస్యం, నా మిషన్ పక్కన కూర్చుని హుక్కులు కుట్టిపెట్టేది. ఒకటే కబుర్లు. సీరియల్లో ఆడోళ్లని అనుకరించి చూపించేది. ఆ పిల్ల నవ్విందంటే రోడ్డవతలికి వినపడేది."

"ఇదంతా కోర్టులో చెప్పారా?"

"ఎవరడిగారండీ?"

జాకెట్టు మడిచి నా చేతిలో పెట్టింది. "ఆవిణ్ణే తీసుకురండి. మనిషి లేకుండా నేనేం చెయ్యను."

మార్చి 13

జాకెట్టు మడత తప్పకుండా బీరువాలో పెట్టాను.

మార్చి 14

పార్వతి ఇవాళ కూడా మేడ మీద నవ్వుతోంది. నేను ఎక్కలేదు.

మార్చి 17, సోమవారం

దానమ్మ చెప్పింది నేను వాడలేను. కాగితం మీద లేనిది రాయడానికి నాకు హక్కు లేదు. కాగితం మీద ఉన్న మాటకు లేని నేరం అంటగట్టకుండా ఉండటం మాత్రం నా చేతిలో ఉంది. పదకొండు చోట్లా ‘ముభావం’ అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, అడుగున నోట్ రాశాను: అవసరానికి మించి మాట్లాడకుండా, మనసు బయటపెట్టకుండా ఉండటం, కోపాన్ని గానీ కారణాన్ని గానీ ఈ మాట తెలపదు.

అఫ్రాజ్ చదివాడు. "బాగుంది సార్. సీనియర్ గారు మాత్రం ఒప్పుకోరు. ఆ మాటని క్రూరత్వం అని చూపిస్తేనే మన కేసు."

"నా సంతకం కావాలంటే ఇలాగే ఉండాలని చెప్పు."

"ఇదొక్కటే కాదు సార్, ఇకమీద ఫైళ్లు రాకపోవచ్చు."

"తెలుసయ్యా."

మార్చి 19

ఫైలు వెనక్కి తీసుకున్నారు.

మార్చి 24, సోమవారం

రెండు రోజులు ఆలోచించి పొద్దున స్కూలుకు వెళ్లాను. పార్వతి క్లాసులో ఉండే టైము చూసుకుని బసవపున్నయ్య గారి గదిలోకి వెళ్లాను. నిలబడే చెప్పాను.

"సార్, జనవరిలో మీరు ఫోన్ చేసినప్పుడు ఆవిడకి ఆసక్తి లేదని చెప్పాను. అది అబద్ధం. ఆవిణ్ణి అడగనే లేదు. తప్పు నాది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కూర్చోండి కిరీటి గారూ. ఆ సంగతి మేడమ్ గారే చెప్పారుగా. రాజీనామా ఇచ్చిన రోజున."

"రాజీనామా?"

ఆయన నా ముఖంలోకి చూశారు. తర్వాత బల్ల మీది పేపర్ వెయిట్ వైపు చూపు తిప్పుకున్నారు. "పదిహేను రోజులు దాటింది. ఏప్రిల్ ఇరవై మూడు దాకా చేస్తానన్నారు. ఉయ్యూరులో స్కూలు వాళ్లు ప్రిన్సిపాల్‌గా తీసుకున్నారు కదండీ. మీకు..." అని ఆగిపోయారు.

"తెలుసండీ" అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మనట్టు కనపడకుండా మర్యాదగా టీ తెప్పించారు.

నాలుగున్నరకు పార్వతి వచ్చింది. చెప్పులు విడుస్తుండగానే అడిగాను.

"రాజీనామా ఇచ్చావట."

"ఆఁ."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"ఆరో తారీఖు పొద్దున. కాఫీ ఇచ్చి చెప్పాను. ఉయ్యూరులో ఉద్యోగం వచ్చింది, ఇక్కడ మానేస్తున్నానని. మీరు పుస్తకంలోంచి తల ఎత్తకుండా ఊఁ అన్నారు. రోజూ బస్సులో వెళ్లొస్తాను అన్నాను. మంచిది అన్నారు."

గొంతులో కోపం లేదు. టైంటేబుల్ చదివినట్టు చెప్పి లోపలికి వెళ్లింది.

వచ్చి ఈ డైరీ తీసి ఆరో తారీఖు చూశాను. ‘గొప్ప రోజు’ అని ఉంది. నవాబ్ గారి టీ ఉంది, కాలువ గట్టు ఉంది, మంత్రిగారు కూడా ఉన్నారు. కాఫీ తాగుతుంటే అని ఉంది. కాఫీ ఎవరిచ్చారో లేదు.

మార్చి 25

అలక కాదు. మొదటి రోజు నుంచీ కాదు.

మార్చి 31, సోమవారం

నిన్న ఉగాది. పచ్చడి ఇద్దరం తిన్నాం. ఉప్పు సరిపోయిందన్నాను.

స్కూల్లో నిజం చెప్పి వచ్చిన సంగతి ఆమెకు తెలిసింది, బసవపున్నయ్య గారు చెప్పారట. "ఎందుకు వెళ్లారు, పోస్టు నిండిపోయాక?" అంది. నా జవాబు కోసం చూడకుండా పేపర్లు దిద్దుకోవడానికి కూర్చుంది.

ఏప్రిల్ 8

అఫ్రాజ్ ఫోన్. ఇంకెవరితోనో పదకొండు చోట్లా ‘మూడీ’ అని వేయించారట. అవతలి లాయరు మూలం పట్టుకుని అభ్యంతరం చెప్పారట. ఆ మాట అర్థం తేలేదాకా విచారణ వాయిదా. "మీ నోట్ కాపీ నా దగ్గర ఉంది సార్, పారెయ్యలేదు" అన్నాడు. ఎక్కడ పని చేస్తున్నాడో గుర్తుంచుకోమన్నాను. నవ్వాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున పదింటికి పార్వతి ఉయ్యూరు స్కూల్ పుస్తకాలు బల్ల మీద సర్దుకుంటోంది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఆమె తల ఎత్తకుండా అడిగింది.

"ఎందుకు చేశారండీ ఆ పని?"

మోకాళ్లు అనబోయాను. ఆగాను.

"నువ్వు వచ్చే టైము నాలుగున్నర" అన్నాను. "పేపరు మూసేశాక పొద్దుటి నుంచీ ఈ గదిలో ఒక్కణ్నే. నాలుగుంపావు నుంచే వీధిలోకి చూస్తుంటాను. నువ్వు వస్తే అప్పుడు నేనొక మనిషినైనట్టు ఉంటుంది. ప్రిన్సిపాల్ అయితే ఏడింటికి గానీ రావు. అదొకటి."

"ఇంకోటి?"

"నువ్వు పైకి వెళ్తుంటే చూడటం నాకు కష్టంగా ఉంది. నేను కిందున్నాను కాబట్టి."

ఇది ఇంతకుముందు నాకు నేను కూడా చెప్పుకోలేదు. డైరీలో కూడా రాయలేదు.

ఆమె పుస్తకాలు పక్కన పెట్టింది. లేచి నిలబడింది. జాలిపడుతుందేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకే సిగ్గుపడాలి.

"మోకాళ్లు నావి!" అని అరిచింది. వీధి తలుపు తీసే ఉంది. "నా మోకాళ్ల గురించి ఊళ్లో వాళ్లకి చెప్పడానికి మీరెవరు? పద్దెనిమిదేళ్లు ఆ బోర్డు ముందు నిలబడింది నేను. ఆ కీర్తనకి లెసన్ ప్లాన్ రాయడం నేర్పింది నేను. అందరి ముందూ అది థ్యాంక్స్ చెబుతుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికొచ్చి చెబితే మోకాళ్లంటావా? ఒక్క మాట అడిగావా నువ్వు? రెండు నెలలు! పక్క గదిలో మనిషి ఉద్యోగం మారుతోంది, ఇంటర్వ్యూకి పట్టుచీర కట్టుకుని వెళ్లింది, వచ్చింది. ఏంటీ చీర అని అడగలేదు!"

ఇరవై రెండేళ్లలో నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి. ఆమె గమనించలేదు. నేను దిద్దలేదు.

పెళ్లైన కొత్తలో బి.ఇడి. చదువు ఒక ఏడాది వాయిదా వేయించిన సంగతి వచ్చింది. వాళ్ల అమ్మ ఆపరేషన్ రోజున నేను ఎడిషన్ పని అని రాకపోవడం వచ్చింది. నేను మర్చిపోయినవి కొన్ని, మర్చిపోయాననుకున్నవి కొన్ని. పక్కింటి వాళ్లు బాల్కనీలోకి వచ్చి చూసి లోపలికి వెళ్లిపోయారు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

ఆమె గొంతు బొంగురుపోయింది. ఆగింది. ఊపిరి తీసుకుని కుర్చీలో కూలబడింది.

"అయిపోలేదు" అంది. "కాసిన్ని మంచినీళ్లివ్వండి."

తెచ్చి ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి, చీర చెంగుతో మూతి తుడుచుకుని, ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడి నుంచే మళ్లీ అందుకుంది.